నిలువు గీతలు

మా ఇంట్లో అట్ట అనే మాటకు ముగ్గురికి మూడు అర్థాలు. నాకు అట్ట అంటే రెండు కాగితాల మధ్య ఇంకో కాగితాన్ని అలలు అలలుగా వంచి అంటించిన పలక, రేపో ఎల్లుండో పెట్టె కాబోయేది. నా భార్యకు అట్ట అంటే నడిచేటప్పుడు కాళ్లకు అడ్డం వచ్చేది. మా అత్తగారికి అట్ట అంటే పుస్తకానికి వేసేది. తక్కినవేవీ ఆవిడ లెక్కలో అట్టలే కావు.

ఆ వేసవిలో ముగ్గురం ఒకే కప్పు కిందికి వచ్చాం. ముప్ఫై నాలుగేళ్లు ఆవిడ పనిచేసిన బైండింగ్ షాపు మూతపడింది. ద్రాక్ష కోతలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, పదిహేను రోజులు ఉండి పోతానని చెప్పి, ఒక ట్రంకు పెట్టెతో మా గుమ్మంలో దిగారు.

నా వ్యాపారం తోపుడు బండి మీద మొదలైంది. దుకాణాల వెనక పారేసిన పెట్టెలు కొనుక్కొచ్చి, చదును చేసి, చిరిగినవాటిని తూకానికి, చిరగనివాటిని మళ్లీ పెట్టెలుగా అమ్మేవాణ్ణి. అప్పుడే గమనించాను, ఏ పని మధ్యలో ఆగినా మనిషి ముందు వెతికేది అట్టముక్కనే. బల్ల కాలు ఊగితే అట్టముక్క. కిటికీ అద్దం పగిలితే అట్టముక్క. కారు కింద దూరే మెకానిక్కుకు అదే పరుపు, బస్టాండులో తెల్లవారేదాకా ఆగాల్సినవాడికీ అదే పరుపు. కరెంటు పోతే విసనకర్ర, వాన పడితే గొడుగు, ఇల్లు మారితే సగం సంసారం అందులోనే. కొత్త చొక్కా మెడ దర్జాగా నిలబడేది లోపల అట్టముక్క ఉన్నంతసేపే. ఇంత చాకిరీ చేసి, చివరికి నీళ్లలో నానబెడితే నోరెత్తకుండా మళ్లీ అట్టే అవుతుంది. ఇంత పనికొచ్చే మనిషి మా చుట్టాల్లో ఒక్కడూ లేడు.

ఐదేళ్ల కిందట బండి అమ్మేసి షెడ్డు లీజుకు తీసుకున్నాను. కోసే మెషిను ఒకటి, మడత గీతలు నొక్కేది ఒకటి, అంచులు కలిపి పిన్నులు కొట్టేది ఒకటి. పిన్నులు కొట్టే ఆమెను అందరూ పిన్నమ్మ అనేవాళ్లు. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, అయినా నేనూ పిన్నమ్మ అనే పిలిచేవాణ్ణి. షెడ్డు చిన్నది కాబట్టి సరుకులో సగం ఇంట్లోనే ఉండేది. ముందు గదిలో అట్టల దొంతరలు, పడక గదిలో దొంతరలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు. వంటగదిలోంచి వీధి గుమ్మానికి రావాలంటే నా భార్య పక్కకు తిరిగి నడవాలి.

ఆ ఏడు షెడ్డు ఉండాలా పోవాలా అన్నది ఒకే మనిషి చేతిలో ఉంది. ఆయన ద్రాక్ష రైతుల శీతల గిడ్డంగికి మేనేజరు. ఏటా ప్లాస్టిక్ క్రేట్లు అద్దెకు తెచ్చుకునేవారు. మూడు నెలలు ఆయన చుట్టూ తిరిగితే, చివరికి ఒక పరీక్ష పెట్టారు. ముందు ఆరు వందల పెట్టెలు పంపాలి. పండు నింపి, పది వరసల ఎత్తున పేర్చి, పన్నెండు రోజులు చల్లగదిలో ఉంచుతారు. నిలబడితే ఆ సీజనుకు అరవై వేల పెట్టెలదాకా నావే. కూలితే మళ్లీ ప్లాస్టిక్కే. షెడ్డు లీజు సీజను చివరికి అయిపోతుంది. పాతిక వేల పెట్టెలు అమ్మితే లీజు మళ్లీ రాసుకోగలను. అసలు ఆర్డరే రాకపోతే తిరిగి తోపుడు బండి పట్టుకోవాలి. ఈ మాట నా భార్యతో అంటే, బండి కూడా అమ్మేశాం కదా అని గుర్తుచేసి ఊరుకుంది.

అత్తగారికీ నాకూ మధ్య గొడవేమీ లేదు. మాటలూ లేవు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ నాతో ఒక్క మాటైనా నేరుగా అన్నది లేదు. మర్యాద ఎక్కువై వచ్చిన చిక్కు అది. నేను ఎదురుగా కూర్చుని తింటుంటే, "అల్లుడుగారికి ఇంకొంచెం వడ్డించమంటారేమో అడుగు" అని కూతురితో అనేవారు. నేనూ తక్కువ తినలేదు, చాలని మీ అమ్మగారితో చెప్పు అనేవాణ్ణి. మధ్యలో గరిటె పట్టుకుని నిలబడిన నా భార్య ఒకరోజు విసుక్కుంది.

"నేనేమైనా టెలిఫోనునా? ఎదురెదురుగా కూర్చుని నాకు ఫోన్లు చేసుకుంటారేం ఇద్దరూ."

అత్తగారు నవ్వారు. ఆ నవ్వు కూడా కూతురి వైపే.

ఖాళీగా కూర్చోవడం ఆవిడకు రాదు. వచ్చిన వారంలోనే ఇంట్లో నేను చెత్త అనుకున్న అట్టముక్కలన్నీ ఏదో ఒకటి అయిపోయాయి. పడమటి కిటికీకి ఎండ తగలకుండా తెర అయింది. దువ్వెన, కళ్లజోడు, మందులు పెట్టుకునే అరల పెట్టె అయింది. మా మంచానికీ ఆవిడ మంచానికీ మధ్య మడత తడిక లేచింది. బరువైన బియ్యం డబ్బా కింద నున్నటి అట్ట పెట్టి, ఒంటిచేత్తో ఈ మూల నుంచి ఆ మూలకు లాగేసేవారు. అన్నిటికీ ఆవిడ పనిముట్టు ఒకటే, కాగితాన్ని మడతపెట్టి రుద్దే ఎముక బద్ద. జానెడు పొడుగు, వాడి వాడి పసుపు రంగుకు తిరిగింది. దాంతో ఆవిడ గీసిన మడత మెషిను నొక్కిన మడతకంటే సన్నగా ఉండేది. నేను మెషిను కొన్న ధర గుర్తొచ్చి ఆ మడతల వైపు చూడటం మానేశాను.

ఆరు వందల పెట్టెలు కోయడం మొదలుపెట్టిన రోజు ఆవిడ షెడ్డుకు వచ్చారు. నా భార్య మధ్యాహ్నం నాకు క్యారియరు తెచ్చేది, ఆ రోజు తల్లినీ వెంటపెట్టుకొచ్చింది.

అప్పటికి నేను చాలా హుషారుగా ఉన్నాను. ముందు రోజే ఒక కిటుకు పట్టాను. మామూలుగా ఒక పెద్ద షీటులో నాలుగు పెట్టెలకు అట్ట వస్తుంది, అంచున జానెడు వెడల్పు ముక్క వృథాగా పోతుంది. షీటును అడ్డం తిప్పి కోస్తే ఐదు వస్తాయి, వృథా దాదాపు ఉండదు. అంటే నాలుగు షీట్లకు ఒక షీటు అచ్చంగా మిగులు. ఇంత తేలికైన విషయం ఐదేళ్లుగా ఎవరికీ ఎందుకు తట్టలేదని నాలో నేనే మురిసిపోయాను. పిన్నమ్మ ఒకసారి షీటు వైపు, ఒకసారి నా వైపు చూసి, "మీరు అటు కోయమంటే అటే కోస్తాం" అంది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

అత్తగారు అట్టల కట్ట మీద కూర్చుని, కోసిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు. అటు వంచారు, ఇటు వంచారు. ఒక వైపు వంచితే లొంగింది, ఇంకో వైపు వంచితే మొరాయించింది. అంచు దగ్గర గోరుతో పై కాగితం కొంచెం లేపి, లోపలి అలల్ని వెలుతురుకు పెట్టి చూశారు. అలలు గీతల్లా బారుగా కనిపిస్తాయి. తర్వాత పక్కనే ఉన్న తయారైన పెట్టె గోడ మీద వేలు పెట్టి గీశారు. గీతలు పెట్టె చుట్టూ అడ్డంగా పోతున్నాయి.

"ఈ గీతలు నిలబడాలో పడుకోవాలో మీ ఆయన్ని అడుగు" అన్నారు కూతురితో.

నేను క్యారియరు మూత తీస్తూ, లోపల పడుకునేది ద్రాక్షపండ్లు, అవి హాయిగా పడుకుంటే చాలు, గీతలు ఎలా ఉంటే వాటికేమని చెప్పమన్నాను. పిన్నమ్మ నవ్వింది. నా భార్య నవ్వింది. అత్తగారు ఆ ముక్కను రెండుగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. పోయేటప్పుడు రెండు పెట్టెలు ఇంటికి పంపమని మాత్రం చెప్పించారు, ఒకటి కొత్తగా కోసినది, ఒకటి పాత పద్ధతిలో కోసినది. బట్టలు సర్దుకోవడానికేమో అనుకున్నాను.

ఆరు వందలూ రెండు రోజుల్లో అయిపోయాయి. గిడ్డంగికి పంపాను. మర్నాటికి పండు నింపి చల్లగదిలో పేర్చారు. పది పెట్టెల చొప్పున అరవై దొంతరలు. నేను వెళ్లి గాజు తలుపులోంచి చూసొచ్చాను. మెషిను అచ్చు కొట్టినట్టు ఉన్నాయి. చూస్తుంటే కడుపు నిండింది.

ఆ రోజు నుంచే ఇంటి వెనక స్నానాల గది పక్కన ఏదో జరుగుతోందని నాకు తెలుసు. తెలుసంటే, రోజూ ముఖం కడుక్కోవడానికి వెళ్లేటప్పుడు కనిపించేది. పక్కపక్కనే రెండు పెట్టెలు, వాటి మీద నేను తూకానికి అమ్మే పాత కాగితం మూటలు, అన్నిటి మీదా తడి గోనె. సామాను సర్దడం ఆవిడకు పిచ్చి అనుకుని దాటిపోయేవాణ్ణి. గోనె ఎండినప్పుడల్లా నీళ్లు చల్లడం మాత్రం కొంచెం వింతగా తోచింది. పెట్టెకు ఎన్ని కిలోల పండు పడుతుందని నా భార్య ఒకసారి నన్నడిగింది. ఐదు కిలోలన్నాను. ఎందుకని అడగలేదు.

పెట్టెలు చల్లగదిలోకి చేరిన నాలుగో రోజు పొద్దున, నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. అత్తగారు వెనక గుమ్మంలో నిలబడ్డారు.

"బాబూ, ఒకసారి ఇటు వస్తారా?"

వెళ్లాను. నాతో నేరుగా మాట్లాడారన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు, సాయంత్రమెప్పుడో తట్టింది. ఆవిడ తడి గోనె తీశారు. రెండు పెట్టెల మీదా సరిగ్గా నలభై ఐదేసి కిలోలు. పాత పద్ధతి పెట్టె నిటారుగా ఉంది. నా కిటుకు పెట్టె నడుం వంగి, ఒక పక్కకు ఒరిగి, మోకాళ్లు విరిగిన మనిషిలా కూలబడి ఉంది.

"నాకు తెలిసింది పుస్తకం అట్ట. అక్కడ కాగితంలో నార పోయే వాలు తప్పితే అట్ట వంకర పోతుంది. పెట్టె సంగతి నాకు తెలియదు, అందుకే గట్టిగా చెప్పలేకపోయాను. తెలియనప్పుడు చేసి చూడటమే కదా" అన్నారు.

నేను వంగి పెట్టె గోడను తడిమాను. ఐదేళ్లుగా అట్ట కోస్తున్నవాణ్ణి, ఇరవై ఏళ్లుగా అట్టతో బతుకుతున్నవాణ్ణి. నిలువుగా ఉంటే ప్రతి గీతా ఒక చిన్న స్తంభం, పైబరువు మోస్తుంది. అడ్డంగా పడుకోబెడితే అవి దొంతరగా పేర్చిన ఖాళీ గొట్టాలు, తేమ తగలగానే చితికిపోతాయి. చెబితే చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. మిగిలే షీటు వైపే చూస్తున్నవాడికి మాత్రం అర్థం కాదు.

వ్యాపారి బుద్ధి నాది, ముందు అటే పరుగెత్తింది. మూడు రోజులు గడిచాయి, ఇంక తొమ్మిదే. చల్లగదిలో తేమ ఉంటుంది కానీ తడి గోనె అంత ఉండదు. ఇక్కడ మూడు రోజులకు కూలింది అక్కడ ఎనిమిదికో తొమ్మిదికో కూలవచ్చు. ఈలోగా రైతులు కొంత పండు బయటికి తీసేస్తే పైబరువు తగ్గుతుంది. గట్టెక్కినా ఎక్కవచ్చు. ఇదంతా పైకే చెప్పాను. అత్తగారు చివరిదాకా విన్నారు.

"గట్టెక్కిందే అనుకుందాం. మరి ఆ అరవై వేలూ ఇలాగే కోస్తారా?"

నేను కూలిన పెట్టె మీది మూటలు దించి పక్కన పెట్టాను.

ఆవిడ కూర్చుని, సంచిలోంచి ముక్క ఒకటి తీశారు. నాలుగు వేళ్ల వెడల్పు, పెట్టె ఎత్తుకు సరిపోయే పొడుగు. గీతలు నిలువుగా ఉండేట్టు కోసి, మధ్యలో ఎముక బద్దతో రుద్ది, గోడ మూలలా మడిచారు. పాత పెట్టెలు కోసిన రోజుల్లో షెడ్డులో మిగిలిపోయిన జానెడు ముక్కల్లోంచి తీసినదే అది. కూలిన పెట్టెనే నిటారుగా సర్ది, ఆ ముక్కను దాని మూలలో నిలబెట్టారు. పెట్టెకు నాలుగు మూలలు, నాలుగు స్తంభాలు. మీద నన్నే కూర్చోమన్నారు. నేను డెబ్భై రెండు కిలోలు. కూర్చున్నాను. పెట్టె కిక్కురుమనలేదు.

ఆరు వందల పెట్టెలకు రెండు వేల నాలుగు వందల మూలలు. ఆ రోజు షెడ్డులో నలుగురం కూర్చున్నాం. పిన్నమ్మ కోస్తుంటే నేనూ నా భార్యా మడిచాం. అత్తగారు మా మడతలు సరిచేస్తూ, మాకు రెట్టింపు తానూ మడిచారు. అరవై మూడేళ్ల మనిషి. మధ్యాహ్నానికి నా బొటనవేలు బొబ్బలెక్కింది. ఆవిడ చేతి వేగం పొద్దున ఎంత ఉందో సాయంత్రమూ అంతే ఉంది. ఒక మడతకు రెండు రుద్దులు. మూడోది అనవసరమని ఒక్కసారి చెప్పారు, మళ్లీ చెప్పలేదు. నేను ఎంతోమంది పనివాళ్లను చూశాను. చేతికి కళ్లున్నట్టు పనిచేసే మనిషిని చూడటం అదే మొదలు.

మర్నాడు తొమ్మిదింటికి గిడ్డంగి మేనేజరు ముందు నిలబడ్డాం. నేను ఒక్కణ్ణే వెళ్దామనుకున్నాను. అత్తగారు ఎవరూ అడక్కుండానే మూలల సంచి ఒకటి భుజాన వేసుకుని ఆటో ఎక్కి కూర్చున్నారు.

మేనేజరు పొడి మనిషి. ఆయన ముఖంలో ఎండా వానా కనిపించవు. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే తప్పు అట్ట పంపారు" అన్నాడాయన.

"అట్ట మంచిదే సార్. నేనే తప్పుగా కోశాను."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది" అన్నారు అత్తగారు. "పండు నలిగాక తెలిసేది."

ఆయన తాళంచెవి తీసుకుని లేచాడు. తర్వాత మమ్మల్ని చల్లగదిలోకి తీసుకెళ్లాడు. లోపలి మూల రెండు దొంతరలు అప్పటికే ఒక పక్కకు ఒరిగాయి. అడుగు పెట్టెలు ఉబ్బి, వాటి కింద నేల మీద పలచగా ద్రాక్షరసం పాకింది. నేను వేసుకున్న తొమ్మిది రోజుల లెక్క అక్కడే, ఆ తడిలోనే కరిగిపోయింది.

మేనేజరు తలుపు దగ్గర ఆగి రెండు రోజులు గడువిచ్చాడు. పండు మీద చెయ్యి పడ్డ జాడ కనిపించకూడదన్నాడు. చెడిన పండు ఖరీదు ఎటూ నాదే. అక్కడి కూలివాళ్లను ఇవ్వనన్నాడు.

బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల పళ్లు కొట్టుకునే చలి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని నలుగురం లోపలికి దిగాం. దొంతర దించాలి, పెట్టె తెరవాలి, గుత్తుల్ని చుట్టిన కాగితం పక్కకు ఒత్తి నాలుగు మూలల్లో నాలుగు మడతలు జారవిడవాలి, మూసి మళ్లీ పేర్చాలి. నా చెయ్యి మొరటు. మొదటి పెట్టెలోనే రెండు పండ్లు రాలాయి. నా భార్య నన్ను మోకాలితో పక్కకు జరిపింది.

"మీరు దించండి, ఎక్కించండి. లోపల చెయ్యి పెట్టకండి."

పదకొండేళ్లలో ఆమె నా సరుకును తిట్టడమే కానీ ముట్టుకోవడం చూడలేదు. రెండు రోజులూ తల్లీ కూతురూ ఒకే దొంతరకు అటొకరూ ఇటొకరూ నిలబడి పనిచేశారు. మాట్లాడుకున్నది తక్కువ. తల్లి కుడిచెయ్యి ఎక్కడ ఆగేదో కూతురి ఎడమచెయ్యి అక్కడ అందుకునేది. చిన్నప్పుడు బడి సెలవుల్లో బైండింగ్ షాపులో తల్లి పక్కన కూర్చునేదాన్నని నా భార్య ఎప్పుడో చెప్పింది, నేనే చెవిన వేసుకోలేదు. గంటకోసారి బయటికొచ్చి ఎండలో నిలబడి వేళ్లు కాచుకునేవాళ్లం. పిన్నమ్మ ముక్కు తుడుచుకుంటూ, వేసవిలో జలుబు తెప్పించిన ఘనత మీదే సారూ అని నన్ను దెప్పేది. అత్తగారు ఎండలోనూ ఖాళీగా నిలబడలేదు. గిడ్డంగి గోడ పక్కన పారేసిన అట్టలు తీసి, వంచి చూసి, ఏది నిలువు ఏది అడ్డం అని కూతురికి చూపిస్తూ ఉండేవారు.

రెండో రోజు నాలుగున్నరకు చివరి దొంతర పేర్చాం. ఏడు పెట్టెల పండు పోయింది. తక్కినవి బాగున్నాయి.

ఆ తర్వాత వారం రోజులు ఎలా గడిచాయో నేను చెప్పలేను. గిడ్డంగి నుంచి కబురేమీ లేదు. ఆ వారంలోనే పదిహేను రోజుల గడువు ఎప్పుడో దాటిపోయిందని అత్తగారే అన్నారు. నా భార్య ఆవిడ ట్రంకు పెట్టెను అటక మీదికి ఎక్కించమని నాకు పురమాయించింది. ఎక్కించాను.

షెడ్డులో మామూలు చిల్లర ఆర్డర్లు నడిచేవి, మళ్లీ షీటుకు నాలుగే కోసేవాళ్లం. కోసే మెషిను దగ్గర నా భార్య నిలబడేది. ఎవరూ రమ్మనలేదు, చల్లగది నుంచి వచ్చిన మర్నాడు తనే వచ్చి నిలబడింది. షీటు పెట్టే ముందు అంచున గోరుతో గీసి చూసుకునేది. అత్తగారు పిన్నమ్మ పక్కన అట్టల కట్ట మీద కూర్చుని, తయారైన ప్రతి పెట్టె గోడ మీదా వేలు గీసి అటు పెట్టేవారు. వెయ్యికి రెండో మూడో పక్కన పడేసేవారు. పడేసినవాటిని నేను చాటుగా తీసి చూసేవాణ్ణి. ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి ఉండేది, పిన్ను వంకరో, మడత చిట్లడమో. ఒక్కటైనా అన్యాయంగా పడేశారేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

పన్నెండు రోజులూ నిండిన పొద్దున కబురొచ్చింది. నేనూ అత్తగారూ వెళ్లాం.

మేనేజరు మమ్మల్ని నేరుగా చల్లగదిలోకి తీసుకెళ్లాడు. దొంతరలు గోడ కట్టినట్టు ఉన్నాయి. ఆయన ఒక్కో దొంతర మీదా అరచెయ్యి వేసి నొక్కుకుంటూ పోయాడు. చివర్లో ఇద్దరు కూలివాళ్లను పిలిచి, ఒక దొంతర మీద ఇంకో రెండు వరసలు ఎక్కించాడు. పన్నెండు వరసలు. మేం ముగ్గురం చలిలో చేతులు కట్టుకుని దానివైపే చూస్తూ నిలబడ్డాం. కదల్లేదు. పై పెట్టె దింపించి తెరిపించాడు. గుత్తులు అప్పుడే కోసినట్టు ఉన్నాయి.

ఆఫీసు గదికి వచ్చి కూర్చున్నాక, ఆయన ఆర్డరు పుస్తకం తీశాడు. క్రేట్లవాళ్లు ఈసారి అనుకున్న వేళకు ఇవ్వలేమంటున్నారని, మూలల అవసరం లేకుండా సరిగ్గా కోసిన పెట్టెలే కావాలని చెప్పాడు.

"పని రోజులు డెబ్భై. అరవై వేలు రాసుకోనా?"

నేను నోరు తెరిచాను. పన్నెండు రోజులుగా, కాదు, ఐదేళ్లుగా నేను ఎదురుచూస్తున్న మాట అది.

"ముప్ఫై" అన్నారు అత్తగారు.

నేను ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ మేనేజరు వైపే చూస్తున్నారు. ఆయన కలం ఆగింది.

"ఈవిడెవరు?" అని నన్నడిగాడు.

నేను చెప్పేలోపే ఆవిడే చెప్పారు. "అట్ట చూసే మనిషిని."

ఇస్తానన్నదాంట్లో సగం చాలన్న వ్యాపారిని ఇన్నేళ్లలో చూడలేదన్నాడాయన. అది హేళనో మెప్పో ఆ ముఖంలో దొరకలేదు. ముప్ఫై వేలు రాసి, తక్కిన సగం క్రేట్లవాళ్ల పేర రాసి, సంతకానికి కాగితం నా ముందుకు తోశాడు. కాదనడానికి నాకు మర్యాద అడ్డం వచ్చింది. సంతకం పెట్టాను.

బస్టాపు దాకా నేను ఆవిడకంటే నాలుగడుగులు ముందే నడిచాను. కోపం ఉంది. చేతికందిన ముప్ఫై వేల పెట్టెలు అరక్షణంలో ఎగిరిపోయాయి. బెంచీ మీద కూర్చుని, జేబులో ఉన్న అట్టముక్క మీద పెన్సిలుతో లెక్క మొదలుపెట్టాను, ఆవిడ తప్పు ఆవిడకు చూపించాలని. షీటుకు నాలుగు. కోతకు నా భార్య, గీతలకు నేను, పిన్నులకు పిన్నమ్మ. పిన్నమ్మ మెషిను ఆగకుండా కొడితే, అన్నం తినే గంట తీసేస్తే, రోజుకు నాలుగు వందల ముప్ఫై పెట్టెలు. కొత్త పిన్నుల మెషిను కొనాలంటే సీజను దాటాక కానీ రాదు. ఉన్నదాంతో అరవై వేలు ఒప్పుకుంటే, సగం పిన్నులు బయట కూలికి కొట్టించాలి, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి నెల తిరిగేసరికి నేనే మళ్లీ షీటును అడ్డం తిప్పి ఉండేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

నాలుగు వందల ముప్ఫైని డెబ్భైతో హెచ్చవేశాను. ముప్ఫై వేల వంద. మళ్లీ వేశాను. అంతే వచ్చింది. లీజు రాసుకోవడానికి కావలసింది పాతిక వేలే.

"ముప్ఫై అని ఎలా చెప్పారు?" అన్నాను.

"ఇన్నాళ్లూ ఆ పిన్నుల మెషిను పక్కనే కూర్చున్నాను కదా. చప్పుడు వింటూనే ఉన్నాను."

నేను అట్టముక్క ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుని, ఒకసారి పైనుంచి కిందికి చూసి తిరిగిచ్చారు. దాంట్లో తప్పు పట్టడానికి నాకు మిగిలింది ఒక్కటే.

"వంద మిగులుతున్నాయి కదా అత్తగారూ."

"చెడిపోయేవి ఉంటాయి కదా బాబూ" అని, బస్సు వస్తోందని లేచారు.